రికార్డు మీద లేని చిరునామాలు

సంపాదకులు గారికి నమస్కారములు.

మీ ఆదివారం అనుబంధంలో కిందటి నెల అమెరికా దక్షిణ రాష్ట్రాల యాత్ర మీద వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. పిల్లల దగ్గరికి వెళ్లివచ్చే మన ఊళ్ల తల్లిదండ్రులకు నయాగరా జలపాతం, న్యూయార్క్ విగ్రహం, గుళ్లు దాటి వేరే తోవలు కూడా ఉన్నాయని చెప్పే వ్యాసాలు తెలుగులో తక్కువ కాబట్టి ముందుగా రచయితకు నా అభినందనలు. అయితే మెంఫిస్ నగరం దగ్గరికి వచ్చేసరికి ఎల్విస్ ప్రెస్లీ బంగళాకు అరపేజీ ఇచ్చి, స్టాక్స్ రికార్డింగు స్టూడియోను రెండు వాక్యాల్లో ముగించారు. ఆ రెండు వాక్యాల్లో రెండు పొరపాట్లు దొర్లాయి. 1960లలో పాటలు రికార్డు చేసిన భవనమే నేటికీ చెక్కుచెదరకుండా ఉందన్నది మొదటిది. స్టాక్స్ పేరుతో వెలువడిన పాటలన్నీ అక్కడే పుట్టాయన్నది రెండోది. ఈ రెండోదాన్ని నేనూ ఇరవై ఏళ్లకు పైగా నమ్మినవాణ్నే కనుక, తప్పు పట్టడానికి కాక, అదే తప్పును ఆలస్యంగా దిద్దుకున్నవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను బ్యాంకు ఉద్యోగం చేసి విరమించాను. విశాఖపట్నంలో పనిచేసిన రోజుల్లో ఓడల మీద ఉద్యోగం చేసే పరిచయస్థుడొకరు నాలుగు చిన్న రికార్డులు తెచ్చి ఇచ్చారు. అవి నిమిషానికి 45 చుట్లు తిరిగేవి, పక్కకు ఒక్క పాట చొప్పున ఉండేవి. వాటిలో అమెరికా నల్లజాతి గాయకుడు ఓటిస్ రెడింగ్ గొంతు విన్ననాడు భాష సగం కూడా అర్థం కాలేదు గాని, ఊళ్లో ఏకాహం భజన తెల్లవారుజాముకు చేరినప్పుడు పాడేవాడి గొంతు జీరపోయి మరింత లోపలినుంచి వచ్చే తీరు ఉంటుందే, అది మాత్రం వెంటనే పోల్చుకున్నాను. నల్లజాతివారి చర్చి పాటను ప్రేమకూ విరహానికీ మళ్లిస్తే వచ్చినదే సోల్ సంగీతం అని తరవాత చదివి తెలుసుకున్నాను. అప్పటినుంచి ఈ ప్లేట్లు పోగుచేయడం అలవాటై, మా ఇంట్లోవాళ్ల మాటల్లో వ్యసనమైంది.

రికార్డులు సేకరించేవాడు పాట వినే ముందు లేబులు చదువుతాడు. స్టాక్స్ వారి తొలి లేబులు లేత నీలం, దాని మీద ఒకదానిపై ఒకటి పేర్చిన రికార్డుల బొమ్మ ఉంటుంది. 1968 తరవాతది పసుపు, దాని మీద చిటిక వేస్తున్న వేళ్లు. ఈ రంగు మార్పు వెనుక ఒక చేదు కథ ఉంది. పంపిణీ కోసం అట్లాంటిక్ కంపెనీతో 1965లో రాసుకున్న ఒప్పందంలోని షరతును సరిగా చూసుకోకుండా సంతకం చేసినందువల్ల, అట్లాంటిక్ చేతులు మారాక స్టాక్స్ తమ పాత పాటల మూల టేపుల మీద హక్కు మొత్తం పోగొట్టుకుని, ఉన్న పేరొక్కటే మిగిల్చుకుని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. ఇలాంటివన్నీ లేబులు చెబుతుంది, లేదా చెప్పించుకోవచ్చు. కానీ పాట ఏ గదిలో పాడారో, వెనుక డ్రమ్ము ఎవరు వాయించారో అమెరికా రికార్డు మీద కూడా సాధారణంగా ఉండదు.

నా దగ్గర సోల్ గాయకుడు విల్సన్ పికెట్ రికార్డులు రెండున్నాయి. రెండింటి మీదా న్యూయార్కుకు చెందిన అట్లాంటిక్ పేరే. మొదటిది, 1965 నాటి అర్ధరాత్రి పాట, మెంఫిస్‌లోని స్టాక్స్ గదిలో రికార్డయింది. రెండోది, 1966లో వచ్చిన ముస్టాంగ్ కారు పాట, అలబామాలోని మసిల్ షోల్స్ అనే చిన్న ఊళ్లో. ఇది ముందే చదివి ఉన్నా, పికెట్ పికెట్టే కదా, గది ఏదైతేనేం అనుకునేవాణ్ని. 2018 వేసవిలో ఆ గదుల్లో నిలబడ్డాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

మా అబ్బాయి అలబామాలోని హంట్స్‌విల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడినుంచి పడమరగా గంటన్నర ప్రయాణం చేస్తే మసిల్ షోల్స్. టెనెసీ నదికి ఇటూ అటూ దగ్గరదగ్గరగా ఫ్లోరెన్స్, షెఫీల్డ్, టస్కంబియా, మసిల్ షోల్స్ అని నాలుగు చిన్న ఊళ్లుంటాయి. మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న హెలెన్ కెల్లర్ పుట్టిన ఇల్లు టస్కంబియాలోనే ఉంది. మా కోడలు ఆ ఇల్లు చూడడానికని బయలుదేరి, నాతోపాటు స్టూడియోలకు వచ్చింది. బ్లూస్ సంగీతానికి పితామహుడిగా చెప్పుకునే డబ్ల్యూ. సి. హ్యాండీ 1873లో పుట్టినది ఫ్లోరెన్స్‌లో.

మసిల్ షోల్స్‌లోని ఫేమ్ స్టూడియో రోడ్డు పక్కన ఒక మామూలు కట్టడం. పేరు రాసి ఉండకపోతే గిడ్డంగి అనుకుని దాటిపోతాం. దాన్ని నిలబెట్టిన రిక్ హాల్ మేము వెళ్లిన ఏడాది జనవరిలోనే కన్నుమూశారు. గాయని అరీథా ఫ్రాంక్లిన్ జీవితాన్ని మలుపు తిప్పిన పాట 1967 జనవరిలో ఇక్కడే రికార్డయింది. అంతకుముందు కొలంబియా కంపెనీలో ఆరేళ్లపాటు ఎన్ని రికార్డులు చేసినా ఆమె ఎవరో ఆ కంపెనీకి అంతుపట్టలేదు. ఇక్కడి వాద్యగాడు స్పూనర్ ఓల్డ్‌హామ్ ఎలక్ట్రిక్ పియానో మీద ఒక ఎత్తుగడ వెతికి పట్టుకోగానే పాట దారిలో పడింది. ఒక పాట పూర్తయి, రెండోది సగంలో ఉండగా వాయిద్యగాడొకరికీ ఆమె భర్తకూ మాటామాటా పెరిగి, అది ఆ రాత్రి హోటలులో రిక్ హాల్‌తో గొడవగా ముదిరి, మర్నాటికల్లా వాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు. ఆల్బమ్ పూర్తిచేయడానికి ఈ అలబామా వాద్యగాళ్లనే న్యూయార్కుకు పిలిపించుకోవలసి వచ్చింది. అంటే ఆమె మళ్లీ ఇక్కడికి రాకపోయినా, ఇక్కడి వాయింపు లేనిదే పని జరగదని అట్లాంటిక్ వారికి ఒక్కరోజులో తెలిసిపోయింది.

ఆ వాద్యగాళ్లు తెల్లవాళ్లు. విశ్వవిద్యాలయం గుమ్మంలో నిలబడి నల్లజాతి విద్యార్థులను అడ్డుకోబోయిన గవర్నరు ఏలిన రాష్ట్రంలో, ఆ సంఘటన జరిగిన 1963 తరవాత రెండు మూడేళ్లకే, నల్లజాతి గాయకులూ తెల్లజాతి వాద్యగాళ్లూ ఒకే గదిలో తలుపు మూసుకుని పనిచేశారన్నది ఈ కథలో నన్ను ఎక్కువగా కదిలించిన సంగతి. అలా అని గది బయట లోకం మారిపోయిందనుకోవడం అమాయకత్వం. గోడ మీది ఫొటోల్లో నలుపూ తెలుపూ కలిసి నవ్వుతూ కనిపించినంత మాత్రాన ఆ రోజుల్లో వాళ్లు బయటికి వెళ్లి ఒక బల్ల దగ్గర నిశ్చింతగా భోంచేయగలిగారని మనం ఊహించుకోకూడదు.

1969లో ఆ బృందంలోని నలుగురు ఫేమ్‌ను వదిలి షెఫీల్డ్‌లో 3614 జాక్సన్ హైవే అనే చిరునామాలో సొంత స్టూడియో పెట్టుకున్నారు. పియానో బ్యారీ బెకెట్, డ్రమ్ములు రోజర్ హాకిన్స్, బేస్ గిటారు డేవిడ్ హుడ్, గిటారు జిమ్మీ జాన్సన్. ఆ ఏడాది డిసెంబరులో రోలింగ్ స్టోన్స్ బృందం మూడు పాటలు రికార్డు చేసుకోవడానికి ఇక్కడికే వచ్చింది. పాడుబడ్డ ఆ కట్టడాన్ని బాగుచేయించి 2017లో మళ్లీ తెరిచారు. లోపల ఒకే ఒక పెద్ద గది, వాద్యగాళ్లు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకునేంత దగ్గరగా.

నా ఇరవై ఏళ్ల పొరపాటు బయటపడింది ఆ గదిలోనే. స్టేపుల్ సింగర్స్ అనే గాయక బృందం 1972లో మొదటి స్థానానికి తీసుకువెళ్లిన పాట నా దగ్గర పసుపు లేబులుతో ఉంది, దాని మీద స్టాక్స్ చిటిక. అందులో రెండు స్వరసమూహాల మధ్యే తిరిగే వాయింపు మీద ఆ బృందం గాయని మేవిస్ స్టేపుల్స్ పాడుతూ పాడుతూ నడుమ ఎవరినో ‘డేవీ’ అని పిలుస్తుంది. ఆ పిలుపుతో బేస్ గిటారు ముందుకొస్తుంది. ఆ డేవీ మెంఫిస్ మనిషి అనుకున్నాను. మెంఫిస్ వాద్యగాళ్ల పేర్లన్నీ తిరగేసి, దొరకక, అదేదో ఊతపదం అయి ఉంటుందని సరిపెట్టుకున్నాను కూడా. స్టూడియో చూపించే అమ్మాయి ఆ పాట వేసి, బేస్ దగ్గర చేయి చాపి డేవిడ్ హుడ్ కూర్చునే చోటు చూపించింది. కంపెనీ స్టాక్స్‌దే, పాడినవాళ్లు స్టాక్స్‌వాళ్లే, గది మాత్రం రెండున్నర గంటల దూరంలో ఉన్న ఇది. రికార్డు మీద ఒక్క అక్షరం కూడా ఆ సంగతి చెప్పదు. పాడిన మనిషి మాత్రం పాటలోనే పేరు పెట్టి పిలిచి చెప్పింది. వినవలసినవాణ్ని నేను విన్లేదు.

ఇక మెంఫిస్. జిమ్ స్టీవర్ట్ అనే బ్యాంకు ఉద్యోగి 1957లో శాటిలైట్ పేరుతో రికార్డుల కంపెనీ మొదలుపెట్టారు. (బ్యాంకు ఉద్యోగి అనగానే నాకు కలిగిన ఆనందాన్ని సంపాదకులు మన్నించాలి.) ఆయన అక్క ఎస్టెల్ యాక్స్‌టన్ ఇల్లు తాకట్టు పెట్టి అందులో భాగస్వామి అయ్యారు. 1960లో వాళ్లు మెక్‌లెమోర్ అవెన్యూలో మూతపడిన క్యాపిటల్ అనే సినిమా హాలును అద్దెకు తీసుకున్నారు. శాటిలైట్ పేరు కాలిఫోర్నియాలో మరొకరికి ఉందని తేలాక, ఇద్దరి ఇంటిపేర్ల తొలి అక్షరాలు కలిపి 1961లో స్టాక్స్ చేశారు. తెర ఉండే వేదిక మీద కంట్రోలు రూము కట్టారు. చిరుతిళ్లు అమ్మే చోట ఎస్టెల్ రికార్డుల దుకాణం పెట్టారు. ఆ పేటలోని పిల్లలు దుకాణానికి వచ్చి ఏ పాటకు కాళ్లాడిస్తున్నారో ఆవిడ గమనించి లోపలికి కబురు చెప్పేవారట. మార్కెట్ పరిశోధన అంటూ లక్షలు గుమ్మరించే నేటి కంపెనీలకు అంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుందో నాకు తెలియదు.

సినిమా హాలు కాబట్టి నేల వెనుకనుంచి వేదిక వైపుకు వాలుగా ఉండేది. చదును చేయించే డబ్బు లేక అలాగే వదిలేశారు. నేలా పైకప్పూ సమాంతరంగా ఉన్న గదిలో శబ్దం ఆ రెండింటి మధ్యా బంతిలా ఎగిరిపడుతూ కొన్ని స్వరాలను లేనిపోని విధంగా ఉబ్బిస్తుంది. వాలు నేల ఆ ఆటను చెడగొడుతుంది. పైగా అది పెద్ద హాలు. డ్రమ్ముల మోత, ఇత్తడి బూరాల ధ్వని గదంతా తిరిగి మైకులోకి చేరేవి. మసిల్ షోల్స్ రికార్డులో వాద్యం చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తే, స్టాక్స్ రికార్డులో ఎదురుగా వేదిక మీద ఉన్నట్టు వినిపించడానికి కారణం నాకు అప్పుడు తెలిసింది. పికెట్ పాట రికార్డు చేస్తున్నప్పుడు అట్లాంటిక్ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ కంట్రోలు రూములోంచి వచ్చి, కుర్రకారు ఆ రోజుల్లో వేస్తున్న గంతు ఒకటి తానే వేసి చూపించి, రెండో దెబ్బను కాస్త ఆలస్యంగా కొట్టమన్నారు. అల్ జాక్సన్ జూనియర్ డ్రమ్ము మీద ఆ రవ్వంత ఆలస్యం అప్పటినుంచి స్టాక్స్ గుర్తయింది. ఓటిస్ రెడింగ్ 1962లో వేరొక వాద్యగాడి కారు నడుపుకుంటూ వచ్చి, సమయం మిగిలితే ఒక పాట పాడనివ్వమని అడిగి పాడినది కూడా ఆ గదిలోనే. 1967 డిసెంబరు 10న విస్కాన్సిన్‌లోని సరస్సులో విమానం కూలి ఆయన పోయారు. అంతకు కొద్ది రోజుల ముందు అక్కడే రికార్డు చేసిన రేవు పాట ఆయన లేనప్పుడు దేశంలో మొదటి స్థానానికి చేరింది.

ఆ గది ఇప్పుడు లేదు. 1975 డిసెంబరులో స్టాక్స్ దివాలా తీసింది. భవనం ఒక చర్చి చేతికి వెళ్లింది. 1989లో దాన్ని కూల్చేశారు. చాలాకాలం ఖాళీ స్థలంగానే ఉండి, 2003లో అదే చోట పాత ముఖభాగాన్నీ, పాత సినిమా హాలు బోర్డునూ, లోపల వాలు నేలతో సహా స్టూడియోనూ మళ్లీ కట్టి మ్యూజియంగా తెరిచారు. మీ వ్యాసకర్త చూసినది ఆ నకలును. నకలు అని చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. లోపలికి అడుగుపెట్టగానే మిసిసిపీ పల్లెలో 1906 నాటి చెక్క చర్చి ఒకటి ఊడదీసి తెచ్చి నిలబెట్టి ఉంటుంది. ఈ పాట ఎక్కడినుంచి వచ్చిందో అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు. స్టాక్స్ గాయకుడు ఐజాక్ హేస్ బంగారు పూత కాడిలాక్ కారు దగ్గర జనం మూగుతారు. నేను రికార్డుల గోడ దగ్గర గంటసేపు నిలబడి నా దగ్గర లేనివి లెక్కపెట్టుకున్నాను. పక్కనే పేటలోని పిల్లలకు సంగీతం నేర్పే బడి నడుస్తోంది. అయినా ఆ వాలు నేల మీద నిలబడి చప్పట్లు కొట్టి చూసినప్పుడు, ఇది ఆ గోడ కాదు కదా అనే మాట మనసులోంచి పోలేదు.

పోకపోవడానికి కారణం, ఆ ఉదయమే రాయల్ స్టూడియో చూసి రావడం. మీ వ్యాసంలో దాని పేరే లేదు. అదీ మెంఫిస్‌లోనే, అదీ ఒకప్పటి సినిమా హాలే, దాని నేలా వాలే. కానీ ఎవరూ కూల్చలేదు. హై రికార్డ్స్ కంపెనీకి బూరా వాయించడానికి వచ్చి నిర్మాతగా ఎదిగిన విల్లీ మిచెల్ అక్కడే గాయకుడు అల్ గ్రీన్ ప్రసిద్ధ పాటలు తీశారు. లెరాయ్, చార్ల్స్, టీనీ అనే హాడ్జెస్ అన్నదమ్ములు ముగ్గురు వాయించేవారు. ధ్వని ఒకసారి కుదిరాక గోడకు మేకు కొట్టడానికి కూడా మిచెల్ ఒప్పుకునేవారు కాదని చెబుతారు. గోడల మీద అప్పటి దూది పొరలు అలాగే వేలాడుతున్నాయి. అల్ గ్రీన్ పాడిన మైకు మీద 9 అంకె ఉంది. 2010లో మిచెల్ పోయాక ఆయన కుటుంబం స్టూడియో నడుపుతోంది, వీధికి ఆయన పేరు పెట్టారు. ఇది మ్యూజియం కాదు, పనిచేస్తున్న స్టూడియో. అందుకే ముందుగా అడిగి, రికార్డింగు లేని సమయంలో వెళ్లాలి. మేము వెళ్లినప్పుడు మూల ఎవరిదో గిటారు పెట్టె తెరిచి ఉంది, బల్ల మీద సగం తాగిన కాఫీ ఉంది. 1971లో ఆ ఏడాది అతి మెత్తని పాట పుట్టిన గదిలో మర్నాడు ఎవరో కుర్రవాడు పాడబోతున్నాడు. నాకు మెంఫిస్‌లో దక్కిన భాగ్యం అదే.

మెంఫిస్ వెళ్లినవారు లొరెయిన్ మోటెల్ ఎలాగూ చూస్తారు. మార్టిన్ లూథర్ కింగ్‌ను 1968 ఏప్రిల్ 4న చంపిన చోటు అది. 1991నుంచి పౌరహక్కుల మ్యూజియం. స్టాక్స్ వాళ్లు రంగుభేదం లేకుండా కలిసి కూర్చుని భోంచేసి, పాటలు కట్టుకున్న చోటు కూడా అదేనని తెలిసి చూస్తే ఆ బాల్కనీ మరోలా కనిపిస్తుంది. అర్ధరాత్రి పాటను పికెట్టూ స్టాక్స్ గిటారు వాద్యగాడు స్టీవ్ క్రాపరూ రాసుకున్నది అక్కడి గదిలోనే.

డెట్రాయిట్ సంగతి క్లుప్తంగా చెబుతాను. మా మేనల్లుడు ఆ నగర శివార్లలో ఉన్నందువల్ల మోటౌన్ రికార్డుల కంపెనీ వారు పాటలు రికార్డు చేసిన ఇల్లు కూడా చూశాను. 1959లో బెర్రీ గోర్డీ కుటుంబ నిధినుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టిన ఆ కంపెనీ 1972లో లాస్ ఏంజెలెస్ తరలిపోయినా, ఆయన అక్క ఎస్తర్ ఇంటిని అలాగే కాపాడి 1985లో మ్యూజియం చేశారు. ఇది అసలు గది. మేడ మీద పైకప్పులో ఒక రంధ్రం ఉంటుంది. దాని కింద నిలబడి చప్పట్లు కొడితే ప్రతిధ్వని గదిలో తిరిగి వస్తుంది. మోటౌన్ రికార్డుల్లో గొంతు చుట్టూ ఉండే ఆ మెరుపు కరెంటు పరికరంనుంచి వచ్చిందని అంతకాలం అనుకున్నాను; అటక గోడలు ఇచ్చాయట.

ఇంత దూరం వెళ్లి ఇవన్నీ చూసి వచ్చినవాడికి మద్రాసు గుర్తు రాకుండా ఉంటుందా? నా అల్మరాలో సగం తెలుగు సినిమా రికార్డులే. లేబులు మీద చిత్రం పేరు, గాయకుల పేర్లు, రచయిత, సంగీత దర్శకుడు ఉంటారు. రికార్డింగు థియేటరు పేరు గాని, ఇంజనీరు పేరు గాని, వేణువో సితారో వాయించినవారి పేరు గాని ఉండవు. జెమినీ స్టూడియో ఉన్న చోట హోటలు లేచింది, వంతెనకు మాత్రం ఆ పేరు మిగిలింది. వడపళనిలో విజయా వాహినీ స్థలంలో ఆసుపత్రి, హోటలు, మాల్ ఉన్నాయి. ఆ గదులను మళ్లీ కట్టమని అడిగేంత ఆశ నాకు లేదు. ఆ థియేటర్లలో వాయించినవారు, రికార్డు చేసినవారు కొందరైనా ఇంకా మన మధ్య ఉన్నారు. ఏ పాట ఏ థియేటరులో, ఎవరి వాయింపుతో రికార్డయిందో వారు చెప్పగలిగినంత వరకు రాయించి మీ అనుబంధంలో వారానికొక అరపేజీ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. రికార్డుల నంబర్లు, లేబుళ్ల ఫొటోలు కావాలంటే నా దగ్గర ఉన్నవి పంపిస్తాను.

ఈలోగా స్టాక్స్ భవనం 1989లో కూల్చివేసినదని, నేడున్నది 2003లో తిరిగి కట్టినదని ఒక చిన్న సవరణ వేయండి. వచ్చే వేసవికి అటువైపు వెళ్లే పాఠకులు రాయల్ స్టూడియోకు ముందుగా ఫోను చేసుకుంటారు.

భవదీయుడు,
రికార్డుల సేకరణ అలవాటున్న ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం